ఆ ఫోన్ లైన్‌లో డైటీషియన్‌కూ చోటివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, కార్యదర్శులకు, ఢిల్లీలోని కేంద్ర ఆరోగ్య శాఖ పెద్దలకు,



పల్లెలో ఉన్న రోగి పట్నంలో ఉన్న డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు మీరు చేశారు. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల కోసం ఈ-సంజీవని మొదలైంది. లాక్‌డౌన్ రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, ఇంట్లో కూర్చునే డాక్టరుకు చూపించుకునే వీలు కూడా కల్పించారు. ఆ సేవను వాడుకోవడంలో ఆంధ్రప్రదేశ్ మొదట్నించీ ముందు వరుసలో ఉంది. బస్సు చార్జీలకు, ఆ రోజు కూలికి వెనకాడి జబ్బును ముదరబెట్టుకునే జనానికి అది పెద్ద ఆసరా అయింది. అందుకు మీకు నిజంగా కృతజ్ఞతలు.

ఈ ఉత్తరం ఆ ఏర్పాటులో మిగిలిపోయిన ఖాళీ గురించి. లైన్‌లో డాక్టరు వస్తారు, మందులు రాస్తారు. చీటీ చివర 'డైట్ పాటించాలి' అని ఒక ముక్క ఉంటుంది. ఆ డైట్ ఏమిటో, ఈ ఇంట్లో ఈ సంపాదనతో ఎలా కుదురుతుందో చెప్పే మనిషి మాత్రం లైన్‌లో ఉండరు. నాతో మాట్లాడేవాళ్లలో ఈ-సంజీవనిలో డైటీషియన్ సలహా దొరికిందన్న మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

నేను డైటీషియన్ని. ఆసుపత్రి ఉద్యోగం వదిలిన దగ్గర్నించి ఎక్కువగా ఫోన్‌లోనే సలహాలు చెబుతున్నాను. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా, గల్ఫ్‌లోని లేబర్ క్యాంపుల నుంచి కూడా కాల్స్ వస్తాయి. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పలేని చోట ఏదో సర్దుకుపోవడానికి ఫోన్ అని చాలామంది అనుకుంటారు. తిండి విషయంలో అది సరికాదు. షుగరుకూ బీపీకీ కిడ్నీ జబ్బుకూ చాలాసార్లు ఫోనే మేలు. ఎందుకో చెబుతాను.

ఆసుపత్రిలో మా మాట రోగి చెవిన పడేది ఎప్పుడు? డిశ్చార్జి రోజు. ఒక పక్క బిల్లు లెక్కలు, ఇంకో పక్క బయట ఆటోవాడి తొందర, బెడ్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నర్సు చూపు. ఆ హడావిడిలో ఒక జిరాక్సు కాగితం చేతిలో పెడతాం. ఉదయం ఓట్స్, పదకొండింటికి యాపిల్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, ఒక కప్పు అన్నం, సాయంత్రం గ్రీన్ టీ. ఇల్లెందులో ఉన్న మనిషికీ ఆదోనిలో ఉన్న మనిషికీ అదే కాగితం. రోగి తల ఊపుతాడు. ఇంట్లో వండేది భార్యో కోడలో తల్లో. ఆమె ఆ గదిలో లేదు. ఆ కాగితం మందుల కవర్లో రిపోర్టుల మధ్య మడతపడి ఉండిపోతుంది.

ఫోన్‌లో అలా కాదు. ఫోన్‌ను వంటింట్లోకి తీసుకెళ్లమంటాను.

కరీంనగర్ వైపు ఊళ్లో ఒక పెద్దాయన. షుగరు మూడు వందల కింద దిగడం లేదు. "అన్నం తగ్గించేసిన బిడ్డా, పూటకు ఒక్క కప్పే తింటున్న" అంటాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. కోడల్ని ఆ కప్పు చూపించమన్నాను. సాంబారు పోసుకునే లోతు స్టీలు గిన్నె. దాంట్లో అదిమి, పైన గోపురంలా పెట్టి, పళ్లెంలో బోర్లించింది. పళ్లెం సగానికి పైగా నిండిపోయింది. పక్కన పప్పు రెండు చెంచాలు, అంచుకు మామిడికాయ తొక్కు. కూర ఆ పూట లేదు. ఆయన డాక్టరుకు చెప్పిందీ 'ఒక కప్పే', చార్టులో రాసిందీ 'ఒక కప్పే'. డాక్టరు మాత్ర డోసు పెంచుకుంటూ పోయారు. ఆ గిన్నె చూడకుండా ఏ లాబ్ రిపోర్టు చూసినా ఆ ఇంట్లో జరుగుతున్నది అర్థం కాదు.

అప్పుడు గ్రాముల మాట ఎత్తను. బియ్యం కొలిచే డబ్బా ఏది, పూటకు ఎన్ని డబ్బాలు పోస్తారు, ఎంతమంది తింటారు అని అడుగుతాను. నెలకు నూనె ప్యాకెట్లు ఎన్ని కొంటారు అని అడుగుతాను. నలుగురున్న ఇంటికి లీటరు ప్యాకెట్లు ఆరు అయితే మనిషికి రోజుకు యాభై మిల్లీలీటర్లు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లోని రోజువారీ పళ్లెంలో కనిపించే నూనె 27 గ్రాములు. అంటే దాదాపు సగానికి తగ్గాలి. ఆ లెక్క కోడలికి రెండు నిమిషాల్లో అర్థమైంది. "అయితే వచ్చే నెల నాలుగే తెస్తమ్మా" అంది. నాలుగు ప్యాకెట్లకు కూడా మనిషికి ముప్పై మూడు మిల్లీలీటర్లు వస్తుంది. ఫరవాలేదు, మొదటి నెలకు అది చాలు. వారం తర్వాత మళ్లీ మాట్లాడాం, ఆ పై వారం మళ్లీ. అన్నం ఒక గరిటె తగ్గింది, పప్పు చిక్కబడింది, పూటకో ఆకుకూర చేరింది. ఇంత చిన్న మార్పుకే ఆయన షుగరు దిగడం మొదలైంది. తర్వాత డాక్టరు మాత్రల డోసు కూడా సరిచేశారు.

ఈ మళ్లీ మళ్లీ మాట్లాడటమే ఇందులో వైద్యం. తిండి అలవాటు ఒక్క సలహాతో మారదు. మధ్యలో పెళ్లిళ్లు వస్తాయి, సంక్రాంతి అరిసెలు వస్తాయి, నాట్ల రోజుల్లో పొలంలో తినే అన్నం వేరేగా ఉంటుంది. అయ్యప్ప మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు ఒంటిపూట భిక్ష, షుగరు మాత్రలు మాత్రం రెండు పూటలా. రంజాన్ ఉపవాసాల్లో తెల్లవారుజామున సహరీకి ఏం తినాలి, ఇఫ్తార్‌కు హలీం ఎంత తినొచ్చు, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలి? ఇలాంటి ప్రశ్న పుట్టిన రోజే జవాబు దొరకాలి. ఆ ఒక్క ముక్క కోసం జిల్లా ఆసుపత్రికి ఎవరూ బస్సెక్కి రారు. ఫోన్ చేస్తారు.

దీనికి రుజువు కూడా మన దగ్గరే ఉంది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం దక్షిణాదిలో ఉద్యోగాలు చేసుకునే 537 మంది మగవాళ్లను, షుగరు అంచున ఉన్నవాళ్లను, రెండేళ్లపాటు గమనించింది. అందరికీ మొదట్లో జాగ్రత్తలు చెప్పారు. సగం మందికి అదనంగా తిండి, నడక గురించి ఫోన్‌కు సందేశాలు పంపుతూ వచ్చారు. సందేశాలు అందినవాళ్లలో 18 శాతం మందికి షుగరు వచ్చింది, అందనివాళ్లలో 27 శాతం మందికి. 2013లో ప్రచురించిన ఫలితాలు అవి. వట్టి సందేశాలకే ఆ తేడా వచ్చినప్పుడు, పళ్లెం చూసి, పేరు పెట్టి పిలిచి మాట్లాడే మనిషి ఉంటే ఎంత తేడా రావచ్చో మీరే అంచనా వేయండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన సర్వే లెక్కన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. అంచున ఉన్నవాళ్లకు మొట్టమొదట కావలసింది తిండి, నడకల్లో మార్పు.

అన్నిటికన్నా ముందు మీరు ఆలోచించవలసింది గర్భిణుల గురించి. ఇది మీ సొంత నియమాల్లోనే ఉన్న విషయం కనుక కాస్త వివరంగా చెబుతాను.

కడుపుతో ఉన్న ప్రతి స్త్రీకీ 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూడాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 140 గానీ అంతకు పైన గానీ ఉంటే గర్భధారణ మధుమేహం. అప్పుడు వెంటనే మందులేమీ వద్దు, ముందు రెండు వారాలు ఆహార చికిత్స అని అవే మార్గదర్శకాలు చెబుతాయి. రెండు వారాల తర్వాత, తిన్న రెండు గంటలకు షుగరు 120 దాటుతుంటేనే మాత్రలో ఇన్సులినో. అంటే ఆ రెండు వారాలూ మందు తిండే. ఆ చికిత్స చేయవలసిన మనిషి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎవరు? డాక్టరుకు ఓపీ, ఏఎన్ఎంకు టీకాలు, రిజిస్టర్లు. పాపం వాళ్లు తీరిక చేసుకుని చెప్పేది ఒక్క మాట: తీపి తినకు, అన్నం తగ్గించు.

ఆ ఒక్క మాట పల్లెకు వెళ్లాక ఏమవుతుందో నేను చాలా ఇళ్లలో విన్నాను. పిల్లకు షుగరొచ్చిందని అత్తగారు బెదిరిపోతుంది. పొద్దున ఒక్క ఇడ్లీ, మధ్యాహ్నం ఒక చపాతీ, రాత్రికి మజ్జిగ తాగి పడుకో అంటుంది. బిడ్డకు రక్తం పట్టాల్సిన నెలల్లో ఆ పిల్ల పస్తులుంటుంది. షుగరు అంకె దిగుతుంది, బరువు పెరగదు, నీరసంతో కళ్లు తిరుగుతాయి. నిజానికి మార్గదర్శకాలు చెప్పింది మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. ఉన్న అన్నాన్నే రోజంతా పంచి, దాని పక్కన గుడ్డో పప్పో పెసలో శనగలో చేర్చి తినాలి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డూ పాలూ ఎప్పుడు తీసుకోవాలో, బెల్లం చిక్కీ ఏం చేయాలో, రాగి జావలో చక్కెర బదులు మజ్జిగ ఎలా కలపాలో చెప్పాలి. పది నిమిషాలు పట్టే మాట ఇది. మూడో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి ఫోన్ చేస్తే చాలామందికి మందుల అవసరమే రాకపోవచ్చు. రెండు వారాల ఆహార చికిత్స అని మీరే రాసి, ఆ చికిత్స చేసే మనిషిని ఇవ్వకపోవడం ఆ తల్లులకు చేస్తున్న అన్యాయం.

రెండోది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు పట్టిపీడిస్తున్న ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. ఈ పేర్లు చదివితేనే డయాలసిస్ మెషీన్ గుర్తొచ్చే పరిస్థితి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ వచ్చాయి. హిరమండలం నుంచి తాగునీళ్లు తెచ్చారు. మంచి పనులు. తిండి మాటకొస్తే మాత్రం ఆ ప్రాంతపు కిడ్నీ రోగి ఇప్పటికీ ఇరుగుపొరుగు చెప్పింది పట్టుకునే బతుకుతున్నాడు.

ఉద్దానం అంటే కొబ్బరితోటలు. ఒంట్లో బాగోలేని మనిషికి బొండం కొట్టి ఇవ్వడం అక్కడ ప్రేమ. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో ఐదారు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగున్నవాడికి అది మేలు. కిడ్నీ దెబ్బతిని రక్తంలో పొటాషియం పెరిగినవాడికి అదే గుండె ఆగిపోయేంత ప్రమాదం. ఆ మాట చెప్పేవాళ్లు లేక కొడుకు తండ్రికి బొండాలు మోసుకొస్తాడు. అలాగే కాయగూరలు చిన్న ముక్కలు చేసి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి కూర వండితే పొటాషియం చాలావరకు పోతుంది. ఇది చూపిస్తే ఎవరైనా చేయగలరు. నేను వీడియోలో పొయ్యి దగ్గరుండి చేయించాను. అటువైపు గిన్నె, ఇటువైపు నా మాట.

ఇంకా పెద్ద చిక్కు ప్రొటీన్‌ది. డయాలసిస్ మొదలుకాక ముందు పప్పు, గుడ్డు, మాంసం మితంగా తినమంటాం. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ఆ మెషీన్ రక్తంలోంచి ప్రొటీన్‌ను కొంత కడిగేస్తుంది కనుక కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా తినాలి. మొదట విన్న 'వద్దు' ఇంటిల్లిపాదికీ మనసులో నాటుకుపోతుంది. డయాలసిస్‌కు వెళ్తున్న మనిషికి ఏడాది తర్వాత కూడా గుడ్డు పెట్టరు. కండ కరిగిపోయి, నడవలేక, జబ్బు ముదిరిందనుకుంటారు. మనిషి ఆకలితో చిక్కిపోతున్నాడని ఎవరికీ తట్టదు. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు మెషీన్ పక్కన ఖాళీగా పడుకునే మనిషి అతను. ఆ గంటల్లో ఒక టాబ్ అతని ముందు పెట్టి, విశాఖలోనో హైదరాబాద్‌లోనో కూర్చున్న డైటీషియన్‌ను కలిపితే సరిపోతుంది. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త మెషీన్ అక్కర్లేదు.

ఇక రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు పంచుతున్నారు. ఆ మాత్రను టీతో మింగకూడదని, అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టదని, తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే పడుతుందని చెప్పేవాళ్లు కావాలి. మాత్రతో కడుపులో వికారమై మానేసిన పిల్లకు ఏ వేళకు వేసుకుంటే సర్దుకుంటుందో చెప్పాలి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, దాచనక్కర్లేదు. అదే సర్వేలో, దేశం మొత్తం మీద తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతమే అని తేలింది. నాకు వచ్చే కాల్స్‌లో కూడా ఆడవాళ్ల సంగతి మగవాళ్లు చెప్పే సందర్భాలు ఎక్కువ. "ఆమె బాగానే తింటదండీ" అని భర్త చెబుతాడు. ఆమెను ఇవ్వమంటే ఫోన్ స్పీకర్లో పెడతాడు. అందరి ఎదుటా ఆమె ఏం చెబుతుంది? ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తింటున్నానని చెబుతుందా? అందుకే ఈ సేవను యాప్ రూపంలో వదిలేసి, కావలసినవాళ్లు డౌన్‌లోడ్ చేసుకుంటారులే అనుకోవద్దు. పల్లె దవాఖానాలో, గ్రామ ఆరోగ్య కేంద్రంలో తలుపు వేసుకుని మాట్లాడే ఒక గది, ఒక టాబ్, ఒక నమ్మకమైన ఏఎన్ఎం ఉండాలి. బీపీ, బరువు, రక్తం అంకెలు ఆమె చూసి చెబుతుంది, కాళ్ల వాపు నొక్కి చూస్తుంది. ఫోన్‌లో నాకు అందనివి అవే. చర్మం తడిమి చూడలేను, కండ ఎంత పోయిందో పట్టుకుని చూడలేను, ఆ పని నా బదులు ఆమె చెయ్యాలి. మనిషి బొత్తిగా తినలేకపోతున్నా, ఉన్నట్టుండి బరువు పడిపోతున్నా, పసిబిడ్డ చిక్కిపోతున్నా ఫోన్ పెట్టేసి ఆసుపత్రికి పంపాలి. అది మా పనిలో మొదటి నియమం.

ఈ నియమం తెలియనివాళ్ల చేతుల్లో ఇప్పుడీ పని ఎక్కువగా నడుస్తోంది. ఇది మీరు వెంటనే పట్టించుకోవలసిన సంగతి.

ఫోన్ తెరిస్తే చాలు, డైట్ కోచ్‌లు. ఎవరు ఏం చదివారో తెలియదు. మూడు నెలల ప్యాకేజీ, దాంతోపాటు పౌడర్ డబ్బా. ఆహారం గురించి సలహా చెప్పే నోటితోనే పౌడర్ అమ్మితే ఆ సలహా ఎటు వంగుతుందో వేరే చెప్పాలా? షుగరు రోగిని అన్నం పూర్తిగా మాన్పించేస్తారు. అతను గ్లిమెపిరైడ్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నాడా అని అడగరు. తిండి ఒక్కసారిగా తగ్గి, మాత్ర అదే డోసులో కొనసాగితే అర్ధరాత్రి షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు పిండిపదార్థాలు బొత్తిగా మానేస్తే రక్తం ఆమ్లమై ఐసీయూకు వెళ్లే ప్రమాదం ఉంది. బీపీకి మంచిదని సోడియం తక్కువ ఉప్పు కొనిపిస్తారు. దాంట్లో ఉండేది పొటాషియం, కిడ్నీ జబ్బున్న ఇంట్లో అది రాకూడదు. ఇటువంటి సలహా వల్ల ఆసుపత్రి పాలైన మనుషుల కుటుంబాలు తర్వాత నాకు ఫోన్ చేశాయి. ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. అవి రిజిస్టరైన డాక్టర్ల కోసం. ఫోన్‌లో వైద్యం చెప్పే డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాలి, రికార్డు ఉంచాలి. కృత్రిమ మేధతో నడిచే యంత్రం రోగికి సలహా చెప్పకూడదు, మందు రాయకూడదు అని కూడా అందులో స్పష్టంగా ఉంది. మందు విషయంలో ఇంత జాగ్రత్త ఉంది. తిండి విషయంలో ఆ గీతలేవీ లేవు. పైన చెప్పిన ప్రమాదాలన్నీ తిండి, మందు కలిసే చోట పుట్టినవే.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు అందులో ఉన్నారు. చట్టం అమల్లోకి వచ్చిన ఆరు నెలల్లో ప్రతి రాష్ట్రం వాళ్లను నమోదు చేసే మండలి ఏర్పాటు చెయ్యాలని రాశారు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలగజేసుకుని అమలు చెయ్యండని చెప్పాల్సి వచ్చింది. మండలి అంటే ఒక బోర్డు, ఒక చైర్మన్ కాదు. పల్లెలో ఉన్న మనిషి తనతో ఫోన్‌లో మాట్లాడుతున్న ఆమె నంబరు నొక్కి చూస్తే, ఆమె చదువేమిటో, రిజిస్ట్రేషన్ ఉందో లేదో తెలుగులో కనిపించాలి. రిజిస్ట్రేషన్ నంబరు లేనివాళ్లు జబ్బు మనుషులకు డైట్ రాయకూడదు. సలహా చెప్పేవాళ్లు తాము ఏ పౌడరూ ఏ మాత్రా అమ్మకూడదు. తప్పు జరిగితే ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో ఆ పేజీలోనే ఉండాలి.

మనుషులు లేరు అనకండి. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం నుంచి, సైఫాబాద్ కాలేజీ నుంచి, ఇంకా ఎన్నో హోంసైన్స్ కాలేజీల నుంచి ఏటా పోషకాహారం చదివిన అమ్మాయిలు బయటికి వస్తున్నారు. చాలామంది కార్పొరేట్ ఆసుపత్రుల్లో వంటశాల ట్రేలు సరిచూసే పనిలోనో, యాప్ కంపెనీల్లో నెలకిన్ని ప్యాకేజీలు అమ్మాలనే టార్గెట్ల కిందో నలిగిపోతున్నారు. వాళ్లకు రాయలసీమ సంగటి తెలుసు, తెలంగాణ జొన్నరొట్టె తెలుసు, గోదావరి జిల్లాల పులస కాలం తెలుసు. వాళ్లను ఈ-సంజీవని హబ్‌లలో డాక్టరు పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. డాక్టరు మందు రాయగానే 'డైట్ పాటించాలి' అని రాసి వదలకుండా కాల్‌ను పక్కకు మళ్లించాలి. తిండి మారిందని డైటీషియన్ రాస్తే, మాత్ర డోసు మార్చాలా అని డాక్టరు చూడాలి. ఇద్దరి రాతా ఒకే రికార్డులో ఉండాలి. తిండి సంగతులంటే ఇంటి గుట్టు, సంపాదన గుట్టు. 2023 నాటి డేటా రక్షణ చట్టం కింద ఆ మాటలకు కాపలా ఉండాలి, ఏ బీమా కంపెనీకీ ఏ ప్రకటనల కంపెనీకీ అవి చేరకూడదు.

డబ్బు సంగతి. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా, షుగరు, కిడ్నీ రోగులకు డైటీషియన్ సలహాను 2002 నుంచి చికిత్సగా లెక్కగట్టి డబ్బు చెల్లిస్తోంది. మొదటి ఏడాది మూడు గంటలు, తర్వాత ఏటా రెండు గంటలు, వీడియోలో అయినా సరే. వాళ్ల పద్ధతి మొత్తం మనం తెచ్చుకోనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం తీసుకోదగ్గది: ఆహార సలహాను గంటల్లో కొలిచి, చికిత్సగా ఒప్పుకుని, ఖర్చు పెట్టడం. మన ఆరోగ్య పథకాలు ఆపరేషన్‌కు, డయాలసిస్‌కు డబ్బిస్తాయి. డయాలసిస్ దాకా పోకుండా చూసే మాటకు ఇవ్వవు. డయాలసిస్ ప్యాకేజీలోనే నెలకొక డైటీషియన్ కాల్ చేర్చితే ఖర్చు ఎంత పెరుగుతుందో మీ అధికారులతో లెక్క వేయించండి. ఆ అంకె చూసి మీరే ఆశ్చర్యపోతారు.

జాతీయ పోషకాహార సంస్థకు కూడా ఒక విన్నపం. 1918లో కూనూరులో ఒక చిన్న బెరిబెరి పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ మీది. 528 రకాల ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో 2017లో పుస్తకం వేశారు. దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లే అని మీ 2024 మార్గదర్శకాలే అంచనా కట్టాయి. అందులోని విషయం తెలుగిళ్ల పళ్లేల్లోకి రావాలి. మన గరిటె, మన గిన్నె, మన గ్లాసు కొలతలతో, ఉగ్గాని, సర్వపిండి, పప్పుచారు, పచ్చిపులుసు బొమ్మలతో ఒక తెలుగు పుస్తకం చెయ్యండి. ఫోన్‌కు అటు ఏఎన్ఎం, ఇటు డైటీషియన్ ఒకే బొమ్మ చూసి మాట్లాడుకోవాలి. వీడియో సరిగా రాని ఊళ్లలో ఆ పుస్తకమే మా కళ్లు.

మంత్రులకు, కార్యదర్శులకు చివరిగా నా విన్నపం. రెండు రాష్ట్రాల్లో అన్నిచోట్లా ఒక్కసారే మొదలుపెట్టమని అడగడం లేదు. ఈ ఏడాది రెండు పనులతో మొదలుపెట్టండి. గ్లూకోజు పరీక్షలో 140 గానీ అంతకు పైన గానీ వచ్చిన ప్రతి గర్భిణికీ ఆ రెండు వారాల్లో మూడుసార్లు డైటీషియన్ ఫోన్ అందేలా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో జిల్లా తీసుకోండి. పలాసలో డయాలసిస్ మెషీన్ పక్కన ఒక టాబ్ పెట్టండి. ఎంతమందికి ఇన్సులిన్ అవసరం తప్పిందో, ఎంతమందికి కండ నిలిచిందో రాసి ఉంచి, ఏడాది చివర ఆ లెక్కలు తెలుగులో జనం ముందు పెట్టండి. రిజిస్టరైన డైటీషియన్ల జాబితా ఈలోగానే వెబ్‌సైట్‌లో పెట్టండి, దానికి ఏడాది ఆగనక్కర్లేదు.

ఆ లైన్‌లో కూర్చోవడానికి మేం సిద్ధంగా ఉన్నాం. పిలవండి.

ఇట్లు,
ఫోన్‌లో ఆహార సలహాలు చెప్పే ఒక డైటీషియన్